జెల్లీఫిన్ డేటా ఫోల్డర్‌ని కొత్త ఎస్‌ఎస్‌డీలోకి మార్చాలి, చేత్తో రాసుకున్న వివరాలు పోకూడదు

పాతపాటలపెట్టె
నమస్కారమండీ. ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద ఉబుంటు 24.04 వేసి జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ నడుపుతున్నాను. వీడియోలూ పాటలూ 8 టీబీ హార్డ్‌డిస్క్‌లో వేరుగా ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదు. సిస్టమ్ ఉన్న ఎస్‌ఎస్‌డీ మాత్రం 120 జీబీదే, అది నిండిపోవచ్చింది. ఫోల్డర్ల సైజు చూపే డీయూ కమాండ్ కొట్టి చూస్తే /వార్/లిబ్/జెల్లీఫిన్ ఒక్కటే 70 జీబీ దాటి ఉంది. అందుకని 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి తెచ్చాను.

నా భయమల్లా ఒకటే. మా లైబ్రరీలో సగం సినిమాలు కావు. నాన్నగారు క్యాసెట్లలో దాచిన హరికథలు, బుర్రకథలు, వీహెచ్‌ఎస్ నుంచి ఎక్కించిన పెళ్లిళ్లు, పరిషత్తు నాటకాలు. వీటికి ఏ సైట్‌లోనూ పోస్టర్ రాదు, వివరం రాదు. కథ ఎవరు చెప్పారు, ఏ ఊరి శ్రీరామనవమి పందిట్లో, హార్మోనియం ఎవరిది, పెళ్లి వీడియోలో పీటల పక్కన నిలబడ్డ పెద్దావిడ ఎవరు, ఇవన్నీ నేనూ మా అక్కా కూర్చుని టైప్ చేసినవే. చెప్పిన పెద్దవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. అవి పోతే మళ్లీ తెచ్చుకోలేం.

ఫోల్డర్‌ని కట్ చేసి కొత్త డ్రైవ్‌లో పేస్ట్ చేసి, సెట్టింగుల్లో పాత్ మార్చేస్తే చాలా? ఇంకేమైనా చూసుకోవాలా?

ఓరుగల్లుకోట
అన్నా, కట్ చెయ్యకు, కాపీ చెయ్యి. పాతది గట్లనే ఉండనియ్యి. ముందుగాల సర్వర్ బంద్ చెయ్యాలె, అది మరువకు. కాపీ అయినంక /ఈటీసీ/డిఫాల్ట్ ల జెల్లీఫిన్ అనే ఫైల్ ఉంటది, అండ్ల జెల్లీఫిన్ డేటా డైరెక్టరీ అనే లైన్ ఉంటది. ఆ లైన్ల కొత్త పాత్ రాసి సర్వర్ మళ్ల స్టార్ట్ చెయ్యి. నా దగ్గర గిట్లనే నడుస్తున్నది.

లైనక్స్‌లంక
సర్వర్ ఆపమనడం నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఎందుకో కూడా చెబుతాను. మీరు టైప్ చేసిన వివరాలన్నీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంటాయి. సర్వర్ నడుస్తున్నప్పుడు ఆ డేటాబేస్ (డీబీ) ఫైల్ పక్కనే అదే పేరుతో, చివర డబ్ల్యూఏఎల్, ఎస్‌హెచ్‌ఎం అని ఇంకో రెండు ఫైళ్లు కనిపిస్తాయి. కొత్తగా రాసింది ముందు డబ్ల్యూఏఎల్‌లో పడుతుంది, తరవాత అసలు డీబీలో కలుస్తుంది. సర్వర్ నడుస్తుండగా కాపీ తీస్తే ఈ మూడూ మూడు వేర్వేరు క్షణాలవి అవుతాయి. చివర రాసిన వివరాలు రాకపోవచ్చు, ఒక్కోసారి డేటాబేసే పాడవుతుంది.

పాత్ మార్చే విషయంలో మాత్రం నా సలహా వేరు. మీలా చేత్తో రాసుకున్న సరుకు ఉన్నవాళ్లు సర్వర్ కంటికి పాత్ మారకుండా డ్రైవ్ మార్చుకోవడం మేలు. అంటే డేటా కొత్త ఎస్‌ఎస్‌డీలోనే ఉంటుంది, జెల్లీఫిన్‌కి మాత్రం ఎప్పటిలాగే /వార్/లిబ్/జెల్లీఫిన్ అనే కనిపిస్తుంది. దీనికి బైండ్ మౌంట్ ఉంది, అంటే ఒక ఫోల్డర్‌ని ఇంకో పాత్‌లో కూడా కనిపించేలా చేయడం. అలా చేస్తే డేటాబేస్‌లో, కాన్ఫిగ్ ఫైళ్లలో ఏ మూల ఏ పాత్ రాసి ఉందో వెతుక్కునే పనే ఉండదు.

కొత్త డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉంది? ఎక్కడ మౌంట్ అవుతోంది, అంటే ఏ ఫోల్డర్‌లో కనిపిస్తోంది?

పాతపాటలపెట్టె
లంక గారి జవాబు చూసేలోపే ఓరుగల్లు గారు చెప్పినట్టు చేసి చూశానండీ. సర్వర్ ఆపి, కాపీ చేసి, డిఫాల్ట్ ఫైల్లో పాత్ మార్చి స్టార్ట్ చేస్తే లేవడం లేదు. లాగ్‌లో ఆ పాత్‌కి యాక్సెస్ డినైడ్ అని వస్తోంది. ఫోల్డర్ ఓనర్ జెల్లీఫిన్ అనే చూపిస్తోంది మరి. డ్రైవ్ ఎక్స్‌టీ4 చేశాను. ప్లగ్ చేయగానే అదే /మీడియా కింద నా యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో మౌంట్ అయింది.

పాత ఫోల్డర్ అలాగే ఉంది. పాత్ వెనక్కి మార్చితే సర్వర్ మామూలుగా లేచింది, వివరాలన్నీ ఉన్నాయి.

లైనక్స్‌లంక
పాతది అలాగే ఉందిగా, కంగారు పడకండి. కారణం మీ ఆఖరి మాటల్లోనే ఉంది.

డెస్క్‌టాప్ తనంతట తాను డ్రైవ్‌ని మౌంట్ చేసినప్పుడు /మీడియా/మీ_పేరు అనే ఫోల్డర్ తయారవుతుంది. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లే హక్కు రూట్‌కీ మీకూ తప్ప ఇంకెవరికీ ఉండదు. జెల్లీఫిన్ నడిచేది మీ పేరు మీద కాదు, జెల్లీఫిన్ అనే వేరే యూజర్ మీద. లోపలి ఫోల్డర్ తనదే అయినా అక్కడిదాకా వెళ్లడానికి మధ్య ఫోల్డర్లన్నిట్లోనూ ఎగ్జిక్యూట్ పర్మిషన్ కావాలి. ఒక్క మెట్టు దగ్గర లేకపోయినా డినైడే.

టెర్మినల్‌లో నేమ్‌ఐ మైనస్ ఎల్ కొట్టి, తరవాత మొత్తం పాత్ ఇవ్వండి. మొదటి స్లాష్ నుంచి చివరి ఫోల్డర్ దాకా ఒక్కో మెట్టూ ఒక్కో వరుసలో, ఓనర్‌తో, పర్మిషన్లతో చూపిస్తుంది. మీ పేరున్న వరుస దగ్గర చివరి మూడు స్థానాల్లో గీతలే ఉంటాయి. అదే అడ్డు.

చాలామంది ఇక్కడ అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 పర్మిషన్ కొట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పైగా డెస్క్‌టాప్ మౌంట్ మీరు లాగిన్ అయితేనే జరుగుతుంది. రాత్రి కరెంటు పోయి వచ్చి కంప్యూటర్ దానంతటది ఆన్ అయితే డ్రైవ్ ఉండదు. సర్వర్ డేటాకి అది చోటే కాదు.

ఓరుగల్లుకోట
అవునన్నా, నేనైతే నా డ్రైవ్ ఎఫ్‌స్టాబ్‌ల (బూట్ అయినప్పుడు ఏ డ్రైవ్ ఏడ మౌంట్ కావాలెనో చెప్పే ఫైల్) రాసి /ఎంఎన్‌టీ కింద పెట్టుకున్న. మీడియా కిందున్నదని నాకు ఎర్క లేదు. లంక అన్న చెప్పినట్టే చెయ్యి, గదే గట్టి పద్ధతి.

లైనక్స్‌లంక
ఇక పూర్తిగా రాస్తాను. ఒక్కో పనీ అయ్యాక చూసుకుంటూ వెళ్లండి.

డ్రైవ్ యూయూఐడీ, అంటే ఆ డ్రైవ్‌కి ఉండే మారని గుర్తింపు నంబర్, కావాలి. ఎల్ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్ కొడితే కనిపిస్తుంది. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు ఎఫ్‌స్టాబ్‌లో రాయకూడదు, ఇంకో యూఎస్‌బీ డ్రైవ్ పెట్టిన రోజున అవి తారుమారు కావచ్చు. /ఎస్‌ఆర్‌వీ కింద జెఎఫ్‌డేటా అని ఖాళీ ఫోల్డర్ చేసి, ఎఫ్‌స్టాబ్‌లో ఆ యూయూఐడీని దానికి మౌంట్ చేయండి. ఆప్షన్లలో డిఫాల్ట్స్ పక్కన నోఫెయిల్ తప్పనిసరి. అది లేకపోతే ఒకరోజు ఆ డ్రైవ్ కనిపించనప్పుడు ఉబుంటు 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. మానిటర్ లేని సర్వర్ అయితే ఏం జరిగిందో తెలియదు కూడా.

తరవాత సిస్టమ్‌సీటీఎల్‌తో జెల్లీఫిన్‌ని ఆపి, ఆగిందని స్టేటస్‌లో చూసి, ఆర్‌సింక్‌తో కాపీ చేయండి. సుడోతో నడిపి, మైనస్ ఏ ఇస్తే ఓనర్లు, పర్మిషన్లు, తేదీలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. సోర్స్ పాత్ చివర స్లాష్ పెట్టడం మరవద్దు. స్లాష్ ఉంటే ఫోల్డర్‌లో ఉన్నవి వస్తాయి, లేకపోతే ఫోల్డరే లోపలికి వెళ్లి జెల్లీఫిన్ లోపల జెల్లీఫిన్ అవుతుంది. అప్పుడు సర్వర్ తన డేటాబేస్ దొరక్క కొత్తది తయారుచేసుకుని ఖాళీగా లేస్తుంది. డేటా అంతా పోయిందనుకుంటారు, నిజానికి ఒక మెట్టు కింద భద్రంగానే ఉంటుంది.

కాపీ అయ్యాక అదే కమాండ్ ఇంకోసారి నడపండి. కాపీ చేయడానికి ఏమీ మిగలలేదని వెంటనే అయిపోవాలి. కొత్త చోట ఉన్న డీబీ ఫైల్ మీద ఎస్‌క్యూలైట్3తో ప్రాగ్మా ఇంటెగ్రిటీ చెక్ నడిపితే ఓకే అని ఒక్క మాట రావాలి. వేరే ఏది వచ్చినా అక్కడే ఆగి ఇక్కడ రాయండి.

ఓకే వస్తే పాత ఫోల్డర్‌కి జెల్లీఫిన్_పాతది అని పేరు మార్చి, ఖాళీ జెల్లీఫిన్ ఫోల్డర్ మళ్లీ చేయండి. ఎఫ్‌స్టాబ్‌లో రెండో లైన్ రాయాలి: సోర్స్ /ఎస్‌ఆర్‌వీ/జెఎఫ్‌డేటా, టార్గెట్ /వార్/లిబ్/జెల్లీఫిన్, టైప్ నన్, ఆప్షన్లలో బైండ్, నోఫెయిల్. రీబూట్ చేయకుండా ముందు డీమన్ రీలోడ్ కొట్టి, మౌంట్ మైనస్ ఏ ఇచ్చి చూడండి. ఎఫ్‌స్టాబ్‌లో తప్పుంటే అప్పుడే తెలుస్తుంది. ఓరుగల్లు గారి పద్ధతిలో మార్చిన డిఫాల్ట్ ఫైల్లో పాత పాతే ఉండాలి, అది వెనక్కి పెట్టానన్నారు కాబట్టి సరే.

ఇంకొక్క పని ఉంది, అది మౌంట్ చేయడానికి ముందే చేయాలి. ఆ రెండు ఖాళీ ఫోల్డర్లకీ చాట్టర్ ప్లస్ ఐ కొట్టండి. డ్రైవ్ మౌంట్ అయితే దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. మౌంట్ కాని రోజున మాత్రం ఆ ఖాళీ ఫోల్డర్‌లో ఎవరూ, రూట్ కూడా, ఏమీ రాయలేరు. లేదంటే జెల్లీఫిన్ లేచి, ఆ ఖాళీ చోట కొత్త డేటాబేస్ మొదలుపెట్టి కూర్చుంటుంది. మీరు అది గమనించక దానిలోనే నాలుగు కొత్త వివరాలు టైప్ చేశారనుకోండి, రేపు డ్రైవ్ మౌంట్ కాగానే అవి దాని కింద పడి కనిపించకుండా పోతాయి.

దీనికి తోడు సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ జెల్లీఫిన్ అని తెరిచి, యూనిట్ విభాగంలో రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అని రాసి /వార్/లిబ్/జెల్లీఫిన్ ఇవ్వండి. మౌంట్ లేకపోతే సర్వీస్ లేవదు, లేవకపోతే మీకు వెంటనే తెలుస్తుంది. ఖాళీగా లేచే సర్వర్ కంటే లేవని సర్వర్ వెయ్యి రెట్లు నయం.

టెక్సాస్‌తెలుగు
లంక గారు చెప్పిన ఆ చివరి సంగతి డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపేది) వాడేవాళ్లకి ఇంకా ముఖ్యం. డాకర్‌లో కంటైనర్ లోపల పాత్ ఎప్పుడూ /కాన్ఫిగ్ అనే ఉంటుంది కాబట్టి, బయట డ్రైవ్ మార్చడం చాలా తేలిక. కంటైనర్ ఆపి, కాపీ చేసి, వాల్యూమ్ లైన్‌లో ఎడమవైపు పాత్ మార్చితే సరి. కానీ మైనస్ వీ తో ఇచ్చిన పాత్ ఆ సమయానికి లేకపోతే డాకర్ ఏ ఎర్రరూ ఇవ్వదు, తనే రూట్ పేరుతో ఖాళీ ఫోల్డర్ చేసి కంటైనర్‌ని లేపేస్తుంది. అదే మైనస్ మైనస్ మౌంట్ అని, టైప్ బైండ్ ఇస్తే, పాత్ లేనప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మా ఇంట్లో అన్నీ అలాగే రాసుకున్నాను. అయితే మౌంట్ పాయింట్ ఫోల్డర్ ఖాళీగా ఉన్నా అది ఉన్నట్టే లెక్క, అందుకని డ్రైవ్ లోపలి ఒక సబ్‌ఫోల్డర్‌ని ఇవ్వండి. డ్రైవ్ మౌంట్ కాకపోతే ఆ సబ్‌ఫోల్డర్ ఉండదు, డాకర్ ఆగుతుంది.

పెన్నాతీరం
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్‌లో పెట్టుకునే స్టోరేజ్ పెట్టె) ఉంది, అందులో చోటు బోలెడు. సర్వర్ వేరే చిన్న మినీ పీసీ మీద. డేటా ఫోల్డర్‌ని ఎన్‌ఏఎస్ షేర్‌లో పెట్టేస్తే డ్రైవ్ కొనే పనే ఉండదు కదా?

లైనక్స్‌లంక
సినిమాలు, పాటలు ఎన్‌ఏఎస్‌లో పెట్టండి, నిశ్చింతగా. డేటాబేస్ మాత్రం వద్దు. ఎస్‌క్యూలైట్‌కి ఫైల్ లాకింగ్ నమ్మకంగా పనిచేయాలి, నెట్‌వర్క్ షేర్ల మీద, ఎస్‌ఎంబీ అయినా ఎన్‌ఎఫ్‌ఎస్ అయినా, ఆ భరోసా లేదు. పైగా డబ్ల్యూఏఎల్ పద్ధతి పనిచేయాలంటే డేటాబేస్ వాడే ప్రోగ్రాములన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉండాలని ఎస్‌క్యూలైట్ వాళ్లే రాసిపెట్టారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, వైఫై ఒకసారి తెగినప్పుడు డేటాబేస్ మాల్‌ఫార్మ్‌డ్ అని వస్తుంది. మినీ పీసీలోనే ఉంచి, రోజూ రాత్రి సర్వర్ ఆపి ఎన్‌ఏఎస్‌కి బ్యాకప్ తీయండి.

సాగరతీరం
నాది విండోస్ 11, జెల్లీఫిన్ లాంటిదే ప్లెక్స్ అనే మీడియా సర్వర్. కథ ఇదే, సీ డ్రైవ్ నిండింది. విండోస్‌లో బైండ్ మౌంట్ లాంటిది ఉందా? లేక సెట్టింగుల్లో మార్చుకోవచ్చా?

టెక్సాస్‌తెలుగు
రెండూ ఉన్నాయి. ప్లెక్స్ డేటా మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, ప్లెక్స్ మీడియా సర్వర్ అనే చోట ఉంటుంది. యాప్‌డేటా హిడెన్ ఫోల్డర్, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ చేయాలి. సర్వర్ సెట్టింగుల్లో జనరల్‌కి వెళ్లి షో అడ్వాన్స్‌డ్ నొక్కితే, లోకల్ అప్లికేషన్ డేటా ఎక్కడ ఉండాలో చెప్పే గడి కనిపిస్తుంది. అక్కడ డీ డ్రైవ్‌లో ప్లెక్స్‌డేటా అని ఇచ్చారనుకోండి, ప్లెక్స్ వెతికేది ప్లెక్స్‌డేటా లోపల ఉన్న ప్లెక్స్ మీడియా సర్వర్ అనే ఫోల్డర్‌ని. కాబట్టి కాపీ చేసిన ఫోల్డర్ పేరుతో సహా దాని లోపల ఉండాలి, గడిలో మాత్రం పై ఫోల్డర్ పాతే రాయాలి. ఎక్కువమందికి ఖాళీ లైబ్రరీ కనిపించేది ఇక్కడే.

గడిలో పాత్ మార్చి సేవ్ చేశాక, టాస్క్‌బార్‌లో గడియారం పక్కనున్న ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎగ్జిట్ చేయండి. బ్రౌజర్ ట్యాబ్ మూస్తే సర్వర్ ఆగదు. కాపీకి ఎక్స్‌ప్లోరర్ వద్దు. ఇందులో లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు ఉంటాయి, పాత్‌లు చాలా పొడుగు, మధ్యలో ఆగిపోతుంది. రోబోకాపీ వాడండి, స్లాష్ ఈ, స్లాష్ ఎంటీ ఇవ్వండి. స్లాష్ ఎంఐఆర్ మాత్రం ఇవ్వకండి. సోర్స్‌లో లేనివాటిని అది టార్గెట్‌లో చెరిపేస్తుంది, సోర్స్, టార్గెట్ అటూఇటూ అయితే ఉన్నదంతా పోతుంది.

కానీ అసలు మొత్తం మార్చాలా అని ముందు చూసుకోండి. మీ డీ డ్రైవ్ హార్డ్‌డిస్క్ అయితే డేటాబేస్‌నీ పోస్టర్లనీ అందులోకి పంపకండి, స్క్రోల్ చేసినప్పుడల్లా పోస్టర్లు ఒక్కొక్కటిగా వస్తాయి. ప్లెక్స్ మీడియా సర్వర్ లోపల మీడియా అనే ఫోల్డర్ సైజు చూడండి. వీడియో ప్రివ్యూ థంబ్‌నెయిల్స్ ఆన్ చేసి ఉంటే చోటంతా అక్కడే ఉంటుంది. అదొక్కటే డీ డ్రైవ్‌లోకి మార్చి, పాత చోట ఎంకేలింక్ స్లాష్ జే తో జంక్షన్ (పాత చోటు నుంచి కొత్త చోటుకి దారి చూపే లింక్) పెట్టండి. డేటాబేస్ సీ డ్రైవ్ ఎస్‌ఎస్‌డీలోనే ఉంటుంది, చోటూ ఖాళీ అవుతుంది.

సాగరతీరం
చూశాను. మీడియా ఫోల్డర్ ఒక్కటే మూడొంతులు తినేసింది. డీ డ్రైవ్ హార్డ్‌డిస్కే, అంచేత జంక్షనే పెడతాను. చాలా థాంక్స్ అండీ.

పాతపాటలపెట్టె
లంక గారూ, ఒక్కో అడుగూ మీరు చెప్పినట్టే చేశాను. ఇంటెగ్రిటీ చెక్ ఓకే వచ్చింది. రీబూట్ చేశాక ఫైండ్‌ఎంఎన్‌టీ కొడితే /వార్/లిబ్/జెల్లీఫిన్ కొత్త డ్రైవ్ మీదే అని చూపిస్తోంది. సర్వర్ లేచింది. హరికథల లైబ్రరీ తెరిచి చూశాం, అక్క పెట్టిన ఫొటోలు, పేర్లు, ఊళ్లు అన్నీ ఉన్నాయి. మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

రెండు సందేహాలు. సగం లైబ్రరీకి పోస్టర్లే లేవు, మరి ఆ ఫోల్డర్ 70 జీబీ ఎలా అయింది? రేపు ఆ 8 టీబీ డిస్క్ కూడా మార్చాల్సి వస్తే ఇదే పద్ధతా?

లైనక్స్‌లంక
మొదటిది ట్రిక్‌ప్లే అయి ఉంటుంది. వీడియో ముందుకు జరిపేటప్పుడు పైన చిన్న బొమ్మలు కనిపిస్తాయే, అవి. 2024లో వచ్చిన 10.9 నుంచి జెల్లీఫిన్‌లోనే ఉంది. మామూలు సెట్టింగ్‌లో 10 సెకన్లకొక బొమ్మ తీస్తుంది. మన పాత సినిమా మూడు గంటలు అనుకుంటే 1080 బొమ్మలు. వాటిని వందేసి చొప్పున ఒక్కో జేపెగ్‌లో అతికించి పెడుతుంది, అంటే సినిమాకి 11 ఫైళ్లు. మూడు గంటల పెళ్లి వీడియోకీ అంతే. మీ పెళ్లి వీడియోల మీద అది అక్కర్లేదనుకుంటే ఆ లైబ్రరీ వరకు తీసేయవచ్చు. లేదా ట్రిక్‌ప్లేని వీడియో పక్కనే దాచే ఆప్షన్ లైబ్రరీ సెట్టింగుల్లో ఉంది, అప్పుడు భారమంతా 8 టీబీ డిస్క్ మీదికి పోతుంది.

రెండోదానికి చాలా జాగ్రత్త కావాలి. సర్వర్ కంటికి మీడియా పాత్ మారకూడదు, ఇక్కడ ఇది మరీ ముఖ్యం. జెల్లీఫిన్ ఒక వీడియోని గుర్తుపట్టే నంబర్ ఆ ఫైల్ పాత్ నుంచే పుడుతుంది. సినిమా అయితే పాత్ మారినా ఆన్‌లైన్‌లో వెతికి వివరాలు మళ్లీ తెచ్చుకుంటుంది. మీ హరికథకి అలాంటి దిక్కు లేదు. పాత్ మారితే దాన్ని కొత్త ఫైల్ అనుకుంటుంది, పాతదాని వివరాలు స్కాన్‌లో తుడిచిపెట్టుకుపోతాయి. కొత్త డిస్క్‌ని కూడా పాత డిస్క్ ఉన్న మౌంట్ పాయింట్‌లోనే పెట్టండి. మౌంట్ అయిందని కళ్లారా చూశాకే స్కాన్ నడపండి.

ఇంతకంటే ముఖ్యమైనది, ఇవాళే చేయాల్సినది ఒకటుంది. ఆ వివరాలు డేటాబేస్‌లో మాత్రమే ఉండకూడదు. లైబ్రరీ సెట్టింగుల్లో మెటాడేటా సేవర్స్ అనే చోట ఎన్‌ఎఫ్‌ఓ టిక్ చేయండి, ఆర్ట్‌వర్క్‌ని మీడియా ఫోల్డర్లలో దాచమనే గడి కూడా టిక్ చేయండి. అప్పుడు ప్రతి వీడియో పక్కనా చిన్న ఎన్‌ఎఫ్‌ఓ ఫైల్ పుడుతుంది. మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు, తెలుగు తెలుగులాగే ఉంటుంది. రేపు జెల్లీఫిన్ లేకపోయినా, ఇంకో సర్వర్‌కి మారినా, ఆ పెద్దావిడ పేరు వీడియో పక్కనే ఉంటుంది.

టిక్ చేయగానే పాతవాటికి రాయదు. లైబ్రరీ రిఫ్రెష్‌లో సెర్చ్ ఫర్ మిస్సింగ్ మెటాడేటా ఎంచుకుని నడపాలి. రీప్లేస్ ఆల్ మెటాడేటా జోలికి వెళ్లకండి. మీ హార్డ్‌డిస్క్‌లో రాయడానికి జెల్లీఫిన్ యూజర్‌కి అనుమతి ఉందో లేదో కూడా చూసుకోండి. చాలామంది మీడియాని రీడ్ ఓన్లీగా ఇస్తారు, అప్పుడు ఎన్‌ఎఫ్‌ఓ రాయలేదు.

పాతపాటలపెట్టె
ఎన్‌ఎఫ్‌ఓ సంగతి అసలు తెలియదండీ! వీడియోల లైబ్రరీకి ఇప్పుడే పెట్టి నడిపాను. ఒకటి తెరిచి చూస్తే అక్క రాసిన వాక్యాలు అలాగే ఉన్నాయి. కానీ క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఎంపీ3 హరికథల దగ్గర ఆల్బమ్‌కి ఒక్క ఎన్‌ఎఫ్‌ఓ వచ్చింది గానీ ఒక్కో భాగానికీ రాలేదు. ఏ భాగంలో ఏ ఘట్టం ఉందో మేం విడివిడిగా రాశాం.

లైనక్స్‌లంక
అవును, ఆడియోకి ఆల్బమ్, కళాకారుడు ఈ రెండింటికే ఎన్‌ఎఫ్‌ఓ రాస్తుంది. ఒక్కో ట్రాక్ వివరం ఎంపీ3 ట్యాగుల్లోకే ఎక్కించాలి. కిడ్3 అని ప్రోగ్రామ్ ఉంది, ఉబుంటు రిపోజిటరీలోనే దొరుకుతుంది. ట్యాగులు ఐడీ3 రెండో వెర్షన్‌లో, యూనికోడ్‌లో రాయండి. మొదటి వెర్షన్‌లో టైటిల్‌కి 30 బైట్లే చోటు, తెలుగు అందులో పట్టదు. ఘట్టం పేరు టైటిల్‌లో, ఊరూ ఏడాదీ కామెంట్‌లో పెట్టండి. ముందు పది ఫైళ్లు కాపీ చేసుకుని వాటి మీద చేసి, జెల్లీఫిన్‌లో ఎలా కనిపిస్తుందో చూసి మిగతావి చేయండి. ఇది పూర్తయ్యేదాకా జెల్లీఫిన్_పాతది ఫోల్డర్‌ని తీసేయకండి. సిస్టమ్ ఎస్‌ఎస్‌డీలో చోటు మరీ తక్కువైతే దాన్ని టార్ చేసి, అంటే ఒకే ఫైల్‌గా కట్టి, 8 టీబీ డిస్క్‌లో పెట్టుకోండి. టార్ అయితే ఓనర్లు, పర్మిషన్లు కూడా అందులోనే ఉంటాయి.

ఓరుగల్లుకోట
నేను గూడ ఇయ్యాలనే ఎన్‌ఎఫ్‌ఓ ఆన్ చేసిన. మా కాకా చెప్పిన ఒగ్గు కథలు ఉన్నయి నా దగ్గర, అన్నీ ఫోన్ల రికార్డ్ చేసినయి. డీటెయిల్స్ డేటాబేస్‌లనే ఉండె. అన్నా, ఎం4ఏ ఫైళ్లకు గూడ కిడ్3 పనిచేస్తదా?

లైనక్స్‌లంక
చేస్తుందండీ. ఎం4ఏలో ట్యాగుల పద్ధతి వేరు కానీ కిడ్3 రెండూ రాస్తుంది, మీరు గడులు నింపితే చాలు. ఒగ్గు కథల దగ్గర డోలు, తాళం వాయించినవాళ్ల పేర్లు కూడా రాయండి, కాకా గారిని అడిగి.

ఓరుగల్లుకోట
సరే అన్నా. ఆదివారం ఊరికి పోతున్న, అడిగి రాసుకొస్త.